కిరాయా, ఫీజా, అభియోగమా? ‘చార్జ్’ ఉన్న చోట ఏ మాట వేయాలి

నల్లగొండ బస్టాండ్‌లో ఒక అరగంట కూర్చుంటే ఈ మాట నాలుగు తీర్ల వినబడుతుంది. ‘‘హైదరాబాద్‌కు చార్జీ ఎంత?’’ ‘‘ఫోన్ల చార్జింగ్ లేదు.’’ ‘‘మన మండలానికి ఇన్‌చార్జి ఎంఈఓ వచ్చిండట.’’ ‘‘ఆ కేసుల చార్జిషీటు వేసిన్రట.’’ వినేవాళ్లకు ఎక్కడా తికమక లేదు. ఎందుకంటే మనవాళ్లు మాట చివరను మార్చుకొని అర్థాలను ఎప్పుడో విడదీసుకున్నారు. డబ్బయితే దీర్ఘం పెట్టి చార్జీ. కరెంటయితే చార్జింగ్. కొలువు అయితే చార్జి తీసుకోవడం. కేసయితే చార్జిషీటు. ఇంగ్లిషులో అన్నింటికీ ఒక్కటే ‘చార్జ్’.

చిక్కు వచ్చేది అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దాటేటప్పుడు. ఇంగ్లిషులో దరఖాస్తు రాసేవాళ్లు, ఇంగ్లిషు వార్తను తెలుగు చేసే విలేకరులు, గ్రూప్-1 మెయిన్స్‌లో ఇంగ్లిషు పేపరు రాసేవాళ్లు, పాలమూరులో తెలుగు మీడియం చదివి హైదరాబాద్ ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా ఇక్కడే జారుతారు. ‘ఆల్ చార్జెస్ డ్రాప్‌డ్’ అన్న శీర్షికను ‘చార్జీలన్నీ తగ్గాయి’ అని తెలుగు చేస్తే, కేసు ఎత్తేసిన సంగతి కాస్తా బస్సు టికెట్ల సంగతి అయిపోతుంది.

అర్థాలను జాబితాగా బట్టీ పట్టనక్కర్లేదు. మాట పుట్టిన చోటు తెలిస్తే ముప్పావు పని అయినట్టే. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. బండికి బరువెత్తడానికి అదే మాట నుంచి క్రియ పుట్టింది. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి ‘చార్జ్’ అయింది. కార్, క్యారీ, కార్గో ఆ బండి పిల్లలే. అంటే చార్జ్ అసలు అర్థం ‘బరువెత్తడం’, మన మాటలో ‘మోపడం’. తెలుగులో కట్టెలను మోపు కడతాం, భారం మోపుతాం, నేరం మోపుతాం. బస్తాను బండికి ఎక్కిస్తాం, బాకీని ఖాతాకు ఎక్కిస్తాం. ఇంగ్లిషుది, మనది ఒకే ఊహ. కాబట్టి ‘చార్జ్’ కనబడిన ప్రతిచోటా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎవరు, ఎవరి మీద, ఏ బరువు పెడుతున్నారు? జేబు మీద పెడితే రుసుము. మనిషి పేరు మీద పెడితే అభియోగం. భుజం మీద పెడితే బాధ్యత. భూమి మీద పెడితే రుణభారం. బ్యాటరీలో నింపితే విద్యుదావేశం.

జేబు మీద బరువు

ఎక్కువ తప్పులు డబ్బు దగ్గరే. దానికి మన ప్రాంతంలో ఒక ప్రత్యేకమైన కారణం ఉంది: ‘కిరాయి’. ఆంధ్ర వైపు ఇంటికి అద్దె అంటారు, బండికి బాడుగ అంటారు. మనకు ఇంటికీ, ఆటోకూ, ట్రాక్టరుకూ, పెళ్లి షామియానాకూ అన్నింటికీ కిరాయే. ఇంగ్లిషులోకి వెళ్లేసరికి ఆ ఒక్క కిరాయి మూడు ముక్కలవుతుంది. ఇంటికి, దుకాణానికి నెలనెలా కట్టేది ‘రెంట్’. ఆటోలోనో, బస్సులోనో, రైల్లోనో మనిషి ప్రయాణానికి ఇచ్చేది ‘ఫేర్’. ట్రాక్టరు, హార్వెస్టరు, షామియానా కొద్దిసేపటికి తెచ్చుకుంటే ‘హైర్’. అమెరికావాళ్లు ఈ మూడోదానికి కూడా రెంట్ అనే అంటారు. మన ఆఫీసు ఉత్తరాల్లో నడిచేది బ్రిటిష్ పద్ధతి కాబట్టి హైర్ రాయడం మంచిది. ‘ఆటో రెంట్ 60 రూపీస్’ అని రాస్తే, ఆటోను డ్రైవరుతో పని లేకుండా ఇంటికి తెచ్చుకున్నారనే అర్థం వస్తుంది. కావాల్సింది ‘ఆటో ఫేర్’.

ఇక ‘బస్ చార్జ్’. మాటల్లో ఇది మనకు ఎంత సహజమో ఇంగ్లిషు రాతలో అంత ఎబ్బెట్టు. ప్రయాణ భత్యం బిల్లులో ‘బస్ ఫేర్’ అనే ఉండాలి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇచ్చేది జీరో టికెట్. దాన్ని ఇంగ్లిషులో ‘జీరో-ఫేర్ టికెట్’ అంటే సరిపోతుంది. ఆ ప్రయాణాన్ని ‘ఫ్రీ ఆఫ్ చార్జ్’ అంటారు. మన దగ్గర ఎక్కువగా వినబడే ‘ఫ్రీ ఆఫ్ కాస్ట్’ భారతీయ ఇంగ్లిషులో స్థిరపడిన మాటే. ఇక్కడి ఆఫీసుల్లో ఎవరూ తప్పు పట్టరు. బయటి దేశానికి రాసే ఉత్తరంలో మాత్రం ఫ్రీ ఆఫ్ చార్జ్ అనండి.

విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్ దగ్గర, కర్నూలు దారిలో రాయికల్ దగ్గర కట్టేది టోల్. ఇది మనిషికి కాదు, బండికి, దారి వాడుకున్నందుకు. జాతీయ రహదారుల కాగితాల్లో దీన్ని ‘యూజర్ ఫీ’ అంటారు. వాడుకలో టోల్ చాలు. ‘టోల్ ట్యాక్స్’ అనేది అందరి నోళ్లలో ఉన్నా, అది పన్ను కాదు. పన్నుకూ రుసుముకూ తేడా గట్టిగా పట్టుకోవాలి. పన్ను కట్టినందుకు బదులుగా ఫలానా సేవ అని చూపించనక్కర్లేదు. గ్రామ పంచాయతీకి కట్టే ఇంటి పన్ను అట్లాంటిది. రుసుముకు ఎదురుగా ఒక సేవో, ఒక అనుమతో ఉంటుంది. అందుకే మార్కెట్ ఫీజు, లైసెన్స్ ఫీజు, పరీక్ష ఫీజు.

‘ఫీజు’ అనే మాటలోనే ఒక చిన్న మెలిక ఉంది. ఇంగ్లిషులో ఏకవచనం ‘ఫీ’, బహువచనం ‘ఫీజ్’. మనం బహువచనాన్నే ఏకవచనంగా తెచ్చుకొని, దానికి మళ్లీ ‘లు’ చేర్చి ఫీజులు అంటున్నాం. తెలుగులో ఇందులో తప్పేమీ లేదు. ఆ అలవాటుతో ఇంగ్లిషులో ‘ద ఫీజ్ ఈజ్ 500 రూపీస్’ అని రాస్తే మాత్రం తప్పు. ‘ద ఫీ ఈజ్’ అనాలి. డాక్టరు, వకీలు, కాలేజీ, పరీక్ష బోర్డు తీసుకునేది ఫీ. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ తీసుకునేదానికి చార్జ్ అనొచ్చు, ‘లేబర్ చార్జెస్’ అనొచ్చు. విద్యార్థులకు తెలిసిన ఇంకో ఉదాహరణ: స్కాలర్‌షిప్ కాగితాల్లో ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అని రెండు ఉంటాయి. మొదటిది కాలేజీకి కట్టాల్సిన ట్యూషన్ ఫీజు. రెండోది విద్యార్థి ఖర్చులకు ఇచ్చే డబ్బు. దాని పేరులో ‘మెయింటెనెన్స్ ఫీ’ అని ఉన్నా, అది మన చేతికి వచ్చేది, మనం కట్టేది కాదు. ఇంకెవరికైనా ఇంగ్లిషులో వివరించేటప్పుడు ‘స్టైపెండ్’ లేదా ‘అలవెన్స్’ అంటేనే విషయం తెలుస్తుంది.

ఆలస్యానికి కట్టే ‘లేట్ ఫీ’కి తెలుగు నోటిఫికేషన్లలో ‘అపరాధ రుసుము’ అని వేస్తుంటారు. ఒక రోజు ఆలస్యంగా పరీక్ష ఫీజు కట్టిన పిల్లవాడు చేసిన అపరాధమేమిటి? ‘ఆలస్య రుసుము’ అనే మాట సిద్ధంగా ఉంది, అదే వాడాలి. జరిమానా, మన ఊళ్లలో జుల్మానా, వేరు: తప్పు చేసినందుకు వేసేది, ఇంగ్లిషులో ‘ఫైన్’. హెల్మెట్ లేకుంటే పడేది ఫైన్. దానికి ఇచ్చే కాగితం చలానా. బ్యాంకులో డబ్బు కట్టే ఫారానికి కూడా మనం చలానా అనే అంటాం కాబట్టి, ‘చలానా కట్టాను’ అని తెలుగులో విన్నప్పుడు అది శిక్షో, రుసుమో అడిగి తెలుసుకొని అనువదించాలి.

కరెంటు బిల్లు ఒకటి చేతిలోకి తీసుకోండి. దక్షిణ తెలంగాణ జిల్లాలకు బిల్లు ఇచ్చే పంపిణీ సంస్థ కాగితంలో ఈ మాటల కుటుంబమంతా ఒకే చోట ఉంటుంది. ‘ఎనర్జీ చార్జెస్’ అంటే కాలిన యూనిట్లకు పడే డబ్బు. ‘ఫిక్స్‌డ్ చార్జెస్’ అంటే కనెక్షన్ సామర్థ్యాన్ని బట్టి, వాడినా వాడకున్నా పడేది. ‘కస్టమర్ చార్జెస్’ అంటే రీడింగ్ తీసి బిల్లు ఇచ్చే సేవకు. ఆ కిందనే ‘ఎలక్ట్రిసిటీ డ్యూటీ’ ఉంటుంది. ఇక్కడ డ్యూటీ అంటే ఉద్యోగ విధి కాదు, ప్రభుత్వానికి పోయే పన్ను. తెలుగులో విద్యుత్ సుంకం. నియంత్రణ మండలి ఖరారు చేసిన ధరల పట్టిక మొత్తానికి ‘టారిఫ్’ అని పేరు. అందులో ఒక యూనిట్‌కు ఉన్న అంకె ‘రేట్’. వాడకం ప్రకారం మన మీద పడింది ‘చార్జ్’. చివర కట్టాల్సిన మొత్తం ‘బిల్’. పోయిన నెలలవి కట్టకుంటే ‘అరియర్స్’, అంటే పాత బాకీ. టారిఫ్ పెరిగిందని చెప్పాల్సిన చోట ‘బిల్లు పెరిగింది’ అని రాస్తే చదివేవాళ్లు తప్పు దారి పడతారు. ఎండాకాలం కూలర్ నడిపినా బిల్లు పెరుగుతుంది, టారిఫ్ పెరగనక్కర్లేదు. గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులకు సున్నా వచ్చేది బిల్లు. టారిఫ్ సున్నా కాలేదు.

మార్కెట్ యార్డు ఇంకో మంచి బడి. సూర్యాపేటలోనో, మహబూబ్‌నగర్‌లోనో రైతు ధాన్యం అమ్మితే చేతికి వచ్చే లెక్క చీటీ, తక్‌పట్టీలో కమీషన్, హమాలీ, దడువాయి లాంటి పద్దులు ఉంటాయి. అన్నింటినీ ‘చార్జెస్’ అని కట్టగట్టొచ్చు, కానీ విడివిడిగా ఇంగ్లిషులో చెప్పాల్సి వస్తే కమీషన్ అంటే అమ్మకం విలువలో ఒక శాతం. దడువాయిది తూకం కూలి, ‘వేయింగ్ చార్జెస్’. హమాలీ అంటే ఎత్తుడు, దించుడు కూలి, ‘లోడింగ్ అండ్ అన్‌లోడింగ్ చార్జెస్’. చార్జ్ అనే మాట పుట్టినప్పటి పని, బండికి బరువెత్తడం, ఇప్పటికీ అక్షరాలా చేస్తున్నది ఆ హమాలీయే. ఇదే చోట ‘కాస్ట్’, ‘ప్రైస్’ కూడా కలగలిసిపోతాయి. ఎకరానికి రైతు పెట్టిన పెట్టుబడి కాస్ట్. క్వింటాలుకు కొనేవాడు ఇచ్చేది ప్రైస్. రైతు వైపు నుంచి చూస్తే గిట్టుబాటు ఈ రెండింటి నడుమ తేడాలోనే ఉంది కాబట్టి, ‘కాస్ట్ ఆఫ్ ప్యాడీ ఈజ్ లో’ అని రాసి ‘వడ్ల ధర తక్కువుంది’ అని చెప్పాలనుకోవడం విషయాన్నే తలకిందులు చేస్తుంది. అది ‘సాగు ఖర్చు తక్కువైంది’ అన్నట్టు చదవబడుతుంది.

పేరు మీద బరువు

ఇక్కడ ఒక్క మాట తప్పితే ఒక మనిషి పరువు పోతుంది. అందుకే విలేకరులు, అనువాదకులు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఈ అర్థం దగ్గర.

తెలుగులో నింద, ఆరోపణ, ఫిర్యాదు, అభియోగం అని నాలుగు మెట్లున్నాయి. నింద ఎవరైనా ఎవరి మీదైనా వేయొచ్చు. రుజువు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. ఇంగ్లిషులో ‘బ్లేమ్’. ఆరోపణ అంటే ఫలానా పని చేశాడని స్పష్టంగా చెప్పడం, ఇంకా తేలలేదు. అది ‘అలిగేషన్’. ఫిర్యాదు అంటే ఆ మాటను పోలీసుల ముందో, అధికారి ముందో పెట్టడం, ‘కంప్లెయింట్’. అభియోగం అంటే చట్టం ప్రకారం ఫలానా సెక్షన్ కింద ఫలానా నేరం అని రాతపూర్వకంగా మోపడం. ‘చార్జ్’‌కు సరైన జోడు అభియోగమే. సర్పంచ్ మీద ఊరివాళ్లు నిధులు తిన్నాడంటే అది ఆరోపణ. దాన్ని ఇంగ్లిషులో ‘చార్జ్‌డ్’ అని రాస్తే కోర్టుదాకా పోయిందని అర్థం.

కేసు నడిచే వరస గుర్తుంటే మాట తప్పదు. ముందు ఎఫ్‌ఐఆర్, అంటే కేసు నమోదు. భారతీయ ఇంగ్లిషు పత్రికల్లో దీనికే ‘బుక్‌డ్’ అంటారు. తర్వాత దర్యాప్తు. దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టుకు ఇచ్చే నివేదిక చార్జిషీటు, తెలుగులో అభియోగపత్రం. దాన్ని చూసి, ఇరువైపులా విని, విచారణకు తగిన ఆధారం ఉందనుకుంటే కోర్టు అభియోగాలు ఖరారు చేస్తుంది. ఇంగ్లిషులో ‘చార్జెస్ ఫ్రేమ్‌డ్’. అంటే మన దేశంలో చార్జిషీటు పోలీసులది, చార్జ్ కోర్టుది. ఇంగ్లండ్‌లో ‘చార్జ్‌డ్’ అనే మెట్టు కోర్టుకు వెళ్లకముందే, పోలీసులు లేదా ప్రాసిక్యూషన్ సర్వీస్ దగ్గరే అయిపోతుంది. లండన్ నుంచి వచ్చిన వార్తలో ‘చార్జ్‌డ్ విత్ మర్డర్’ ఉంటే దాన్ని ‘కోర్టు అభియోగాలు ఖరారు చేసింది’ అని తెలుగు చేయడం తప్పు. ‘హత్యానేరం మోపారు’ అంటే రెండు దేశాల పద్ధతికీ సరిపోతుంది.

సెక్షన్ల అంకెల్లో ఇప్పుడొక గుంట ఉంది. 2024 జూలై 1 నుంచి, దర్యాప్తు, విచారణ ఎట్లా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత చట్టంలో ఎఫ్‌ఐఆర్ సెక్షన్ 154, చార్జిషీటు సెక్షన్ 173. కొత్త దానిలో ఎఫ్‌ఐఆర్ సెక్షన్ 173, చార్జిషీటు సెక్షన్ 193. అంటే 173 అనే అంకె నిన్న దర్యాప్తు ముగింపుకు గుర్తు, ఇయ్యాల దర్యాప్తు మొదలుకు గుర్తు. పాత తీర్పు ఒకటి, కొత్త కేసు ఒకటి పక్కపక్కన పెట్టుకొని రాసేటప్పుడు ఏ చట్టంలోని 173 అన్నది తప్పకుండా చూసుకోవాలి. చార్జిషీటుకు గడువు కూడా ఉంది. మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లు, అంతకు మించి జైలు శిక్ష ఉన్న నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు. నిందితుడు జైల్లో ఉండగా ఆ గడువు దాటితే, అతను పూచీకత్తు ఇచ్చి బెయిలు అడిగే హక్కు పొందుతాడు. అట్లా బయటికొచ్చిన మనిషి గురించి ‘కేసు కొట్టేశారు’ అని రాయకూడదు. కేసు అట్లాగే ఉంటుంది.

మనిషిని ఏమని పిలవాలో కూడా మెట్టును బట్టే. పేరు వినబడినప్పుడు అనుమానితుడు, కేసులో పేరు చేర్చాక నిందితుడు, కోర్టు బోనులో ముద్దాయి, నేరం రుజువయ్యాకే దోషి. ఇంగ్లిషులో ‘డిశ్చార్జ్‌డ్’, ‘అక్విటెడ్’ రెండింటికీ తెలుగులో ‘విడుదల’ వేసేస్తుంటారు. డిశ్చార్జ్ అంటే అభియోగాలు ఖరారు చేయడానికే ఆధారం లేదని కోర్టు మొదట్లోనే బరువు దించేయడం. అక్విటల్ అంటే విచారణ జరిగాక నిర్దోషి అని తేల్చడం. మొదటిదానికి ‘కేసు నుంచి తొలగించారు’ అని, రెండోదానికి ‘నిర్దోషిగా ప్రకటించారు’ అని రాస్తే తేడా నిలబడుతుంది.

ఇంగ్లిషు వాక్యంలో వెనక వచ్చే చిన్న మాటలు చాలామందిని ఇబ్బంది పెడతాయి. చార్జ్‌కు ‘విత్’: హి వాజ్ చార్జ్‌డ్ విత్ తెఫ్ట్. అక్యూజ్‌కు ‘ఆఫ్’: హి వాజ్ అక్యూజ్‌డ్ ఆఫ్ తెఫ్ట్. బ్లేమ్‌కు ‘ఫర్’. సస్పెక్ట్‌కు, కన్విక్ట్‌కు మళ్లీ ‘ఆఫ్’. అలెజ్ పక్కన మనిషి రాడు. ‘దే అలెజ్‌డ్ దట్’ అంటూ ఒక పూర్తి వాక్యం రావాలి. ‘చార్జ్‌డ్ ఫర్’ అంటే డబ్బు సంగతి. ‘హి వాజ్ చార్జ్‌డ్ ఫర్ ద ఫోన్’ అంటే ఫోన్ డబ్బులు అతని దగ్గర తీసుకున్నారని, ‘చార్జ్‌డ్ విత్ స్టీలింగ్ ద ఫోన్’ అంటే దొంగతనం మోపారని.

ప్రభుత్వ ఉద్యోగులకు వచ్చే ‘చార్జ్ మెమో’ శాఖాపరమైన అభియోగాల కాగితం, క్రిమినల్ కేసు కాదు. దాని గురించి రాసేటప్పుడు ‘శాఖాపరమైన’ అనే ముక్క వదిలేయొద్దు.

భుజం మీద బరువు

‘ఇన్ చార్జ్’ ఇంగ్లిషులో రెండు మాటలు. అంటే ఒక పని చూసుకునే అధికారం ఉన్న మనిషి. తాత్కాలికమా, శాశ్వతమా అన్న సూచన అందులో లేదు. మన బడుల్లో, ఆఫీసుల్లో ‘ఇన్‌చార్జి హెచ్‌ఎం’ అంటే మాత్రం రెగ్యులర్ హెచ్‌ఎం లేనందున తాత్కాలికంగా చూస్తున్నవారు. ఈ భారతీయ అర్థం ఆఫీసు ఫైళ్లలో చెల్లుతుంది. వేరే దేశపు యూనివర్సిటీకి అనుభవపత్రం రాసేటప్పుడు ‘యాక్టింగ్ హెడ్‌మాస్టర్’ అని రాయాలి, లేకుంటే తాత్కాలికం అన్న సంగతి చదివేవారికి అందదు. ఇంకా మన దగ్గర ఎఫ్ఏసీ ఉంది: తన సొంత పోస్టు చూసుకుంటూనే ఖాళీగా ఉన్న ఇంకో పోస్టు బరువు కూడా మోసేవారికి. దానికి తెలుగులో ‘పూర్తి అదనపు బాధ్యతలు’ అని చక్కగా కుదిరింది. ఇన్‌చార్జి అన్నా, ఎఫ్ఏసీ అన్నా ఒకటే అనుకోవద్దు. రెండో మాటలో సొంత పోస్టు ఇంకొకటి ఉన్నదన్న సంగతి కూడా ఉంది.

ఇక్కడ ఒక్క ‘ద’ అక్షరంతో యజమాని, పనివాడు తారుమారవుతారు. ‘ద నర్స్ ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద చైల్డ్’ అంటే పిల్లను చూసుకునేది నర్సు. ‘ద చైల్డ్ ఈజ్ ఇన్ ద చార్జ్ ఆఫ్ ద నర్స్’ అన్నా అదే అర్థం. రెండో వాక్యంలో ‘ద’ మరిచిపోయి ‘ద చైల్డ్ ఈజ్ ఇన్ చార్జ్ ఆఫ్ ద నర్స్’ అని రాస్తే పిల్ల నర్సును చూసుకుంటున్నట్టు. హాస్టల్ నివేదికల్లో, అంగన్‌వాడీ నివేదికల్లో ఈ వాక్యం తరచూ అవసరం పడుతుంది కాబట్టి మొదటి రూపం ఒక్కటే అలవాటు చేసుకోవడం క్షేమం.

కలెక్టర్ కొత్తగా వచ్చిన రోజు ‘అస్యూమ్‌డ్ చార్జ్’ అనేది మన ఇంగ్లిషు. తెలుగులో ‘బాధ్యతలు స్వీకరించారు’. ‘టేక్ చార్జ్’ మాత్రం ఎక్కడైనా చెల్లుతుంది, కానీ దానిలో పగ్గాలు చేతిలోకి తీసుకోవడం అనే పట్టు కూడా ఉంటుంది. ‘డ్యూటీ’ రోజువారీ విధి, ‘రెస్పాన్సిబిలిటీ’ జవాబు చెప్పాల్సిన బాధ్యత, ‘అథారిటీ’ సంతకం పెట్టే అధికారం. చార్జ్‌లో ఈ మూడూ కలిసి ఉంటాయి. అందుకే చార్జి అప్పగింత రోజు రిజిస్టర్లు, తాళాలు, నగదు లెక్క, సామాను జాబితా అన్నీ లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెడతారు.

భూమి మీద, బంగారం మీద

బ్యాంకు లోనులో ‘చార్జ్’ అంటే ఆస్తి మీద ఎక్కిన బాకీ బరువు. ఆస్తి బదిలీ చట్టం, 1882లో సెక్షన్ 58 ‘మార్ట్‌గేజ్’ గురించి, సెక్షన్ 100 ‘చార్జ్’ గురించి చెబుతాయి. మార్ట్‌గేజ్, అంటే తనఖాలో, ఆస్తిలో ఒక హక్కు అప్పిచ్చినవారికి బదిలీ అవుతుంది. చార్జ్‌లో హక్కు బదిలీ కాదు. బాకీ ఆ ఆస్తి నుంచి రాబట్టుకునే వీలు మాత్రం ఉంటుంది. బంగారం కుదువ పెడితే ‘ప్లెడ్జ్’: వస్తువు వాళ్ల చేతికి పోతుంది. లోన్ మీద కొన్న ట్రాక్టర్ ఆర్‌సీలో కనబడేది ‘హైపోథికేషన్’: బండి మన ఇంటి ముందే ఉంటుంది, బరువు కాగితం మీద ఉంటుంది. తెలుగులో నాలుగింటికీ ‘తాకట్టు’ అని రాస్తే, వస్తువు ఎవరి చేతిలో ఉందన్నది తెలియకుండా పోతుంది. లోను తీరిపోయాక ఆర్‌సీలో ఆ పద్దు కొట్టేయించుకోకుంటే, బండి అమ్మేనాడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న అదే.

బ్యాటరీ, మందు, లాఠీ

సైన్సు పుస్తకంలో చార్జ్ విద్యుదావేశం: ధనావేశం, రుణావేశం. ‘ఆవేశం’ మామూలు తెలుగులో ఉద్రేకం కాబట్టి, ఫోన్ గురించి చెప్పేటప్పుడు ఆ మాట తేవద్దు, చార్జింగ్ అనండి. ఫోన్ పెట్టె మీద 5000 ఎంఏహెచ్ అని ఉండేది ఆవేశం పరిమాణమే: 5 ఆంపియర్ల కరెంటు గంటసేపు పారితే ఎంతో అంత, కూలుంబుల్లో 18,000. ఇంగ్లిషులో ‘నో చార్జింగ్ ఇన్ మై ఫోన్’ అని రాయకండి. ‘మై ఫోన్ ఈజ్ ఔట్ ఆఫ్ చార్జ్’, లేదా ‘ద బ్యాటరీ ఈజ్ డెడ్’. చార్జింగ్ అనేది ఎక్కించే పని. ఎక్కినది చార్జ్.

రాతి క్వారీలో గుంతలో దట్టించే మందు కూడా చార్జే. తెలుగులో ‘మందు దట్టించడం’ కంటే మంచి మాట లేదు. మీదికి ఉరకడం అనే అర్థంలో చార్జ్ అంటే దూరం నుంచి వేగంగా వచ్చి పడడం. ‘అటాక్’లో ఆ పరుగు ఉండనక్కర్లేదు. లాఠీచార్జి మన దేశపు ఇంగ్లిషు. బ్రిటన్‌లో ‘బ్యాటన్ చార్జ్’.

బరువు దించడం, మళ్లీ నింపడం

‘సర్‌చార్జ్’ అంటే పైబరువు: ఉన్నదాని మీద ఇంకొంత. ‘డిశ్చార్జ్’ అంటే దించడం. దవాఖానా నుంచి ఇంటికి పంపడం, పుండు నుంచి చీము కారడం, నాగార్జునసాగర్ 26 గేట్ల కింది నుంచి నీళ్లు వదలడం, మూడింటికీ ఇంగ్లిషులో ఒకటే మాట. నీటి వార్తల్లో డిశ్చార్జ్‌ను ‘విడుదల’ అంటే చాలు, కానీ అంకె ఏ కొలతదో చూడాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది నిల్వ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ‘జూరాల నుంచి ఇన్ని టీఎంసీలు విడుదల’ అన్న వాక్యంలో ఎన్ని రోజుల్లో అన్నది లేకుంటే ఆ వార్త సగమే.

‘రీచార్జ్’ మనకు రెండు. ఫోన్‌కు డబ్బు వేయించేది ఒకటి; దీన్ని బ్రిటన్‌లో ‘టాప్-అప్’ అంటారు, అక్కడివాళ్లతో రీచార్జ్ అంటే బ్యాటరీ నింపడం అనుకుంటారు. రెండోది బోర్లు ఎండిన ఊళ్లలో భూమిలోకి వాన నీరు దించేది. దీనికి పుస్తకాల్లో ‘భూగర్భజల పునర్భరణ’ అని ఉంటుంది. కరపత్రం రైతులకు పోయేదైతే నీళ్లు ఇంకడం అనండి, ‘రీచార్జ్ పిట్’కు ఇంకుడు గుంత అనండి.